రబ్బరు దుస్తులు: పాఠంలో చెప్పని సగం

రసాయనశాస్త్ర పాఠాలలోను, బాలల విజ్ఞాన గ్రంథాలలోను రబ్బరు కథ ఒకటి తరచు కనిపిస్తుంది. పూర్వం రబ్బరు వేసవిలో జిగురుగా సాగేది, చలికాలంలో చెక్కవలె బిగుసుకొనేది. చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికా దేశస్థుడు 1839లో రబ్బరు, గంధకం కలిపిన ముక్కను పొరపాటున వేడి పొయ్యికి తగిలించినాడు. అది కరగలేదు; తోలువలె గట్టిపడినది. దీనినే వల్కనీకరణం అంటారు. ఆనాటితో రబ్బరుకున్న లోపాలన్నీ తొలగిపోయి వానకోట్లు, చేతొడుగులు, బూట్లు, టైర్లు లోకానికి లభించినవి. ఇదీ కథ.

చిన్న కథ. విద్యార్థికి సులభంగా గుర్తుంటుంది. అందుచేతనే ఇది పుస్తకం నుంచి పుస్తకానికి మారకుండా నడచి వస్తున్నది. కాని ఇందులో రెండు దోషాలున్నవి. మొదటిది "పొరపాటున" అనే మాట. రెండవది "లోపాలన్నీ తొలగిపోయినవి" అనే వాక్యం. మొదటి దోషంవల్ల చరిత్రకు అన్యాయం జరుగుతున్నది. రెండవది రసాయనశాస్త్రానికే విరుద్ధం. పైగా రబ్బరు వస్త్రం ధరించేవారికి దానివల్ల చేటు కూడా కలదు.

ఈ రెండు దోషాలను పరిశీలించడానికి, రబ్బరు పరిశ్రమకు పునాది వేసిన ఇద్దరు స్వయంగా వ్రాసిన గ్రంథాలను సాక్ష్యంగా తీసుకుందాము. మొదటిది గుడ్‌ఇయర్ 1853, 1855 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా అచ్చు వేయించిన "గమ్ ఎలాస్టిక్". రెండవది ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ 1857లో ప్రచురించిన స్వీయ వృత్తాంతం. ఆ తరువాత, నేడు లేటెక్స్ దుస్తులతోపాటు వచ్చే సూచనల చీటీని కూడ ఒక గ్రంథంగానే భావించి విమర్శిద్దాము.

పాల నుంచి వస్త్రం

జిల్లేడు ఆకు తుంచితే తెల్లని పాలు కారడం మన పిల్లలందరికీ తెలిసినదే. మర్రి, రావి, మేడి చెట్లకూ ఇట్టి పాలు ఉన్నవి. చెట్టు బెరడులోనో ఆకులోనో ఉండే ఈ పాలనే లేటెక్స్ అంటారు. బ్రెజిల్ దేశపు హీవియా చెట్టు పాలలో సుమారు మూడవ వంతు రబ్బరు ఉంటుంది. ఆవుపాలలో వెన్న తేలియాడినట్లు ఈ పాలలో రబ్బరు సూక్ష్మకణాలు తేలుతూ ఉంటవి.

ఈ పాలను వస్త్రానికి పూసి నీరు దిగకుండా చేయడం అమెజాన్ ప్రాంతపు ప్రజలకు యూరపు వారు రాకముందే తెలుసు. మెక్సికో ప్రాంతపు ప్రాచీనులు మరొక జాతి రబ్బరు చెట్టు పాలలో ఒక తీగ రసాన్ని కలిపి, సాగుదల గల బంతులను చేసేవారు. క్రీస్తుకు పూర్వం 1600 నాటికే వారికి ఈ పద్ధతి తెలుసునని 1999లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. రబ్బరు గుణాన్ని మార్చవచ్చునన్న ఊహ గుడ్‌ఇయర్‌తో మొదలు కాలేదన్నమాట. పాఠం ఈ ప్రజలను ఒక్క వాక్యంలోనైనా తలచుకోవాలి.

హాన్‌కాక్ సాక్ష్యం

యూరపుకు చెట్టుపాలు చేరేసరికి గడ్డకట్టిపోయేవి. గడ్డ రబ్బరును కరిగించి మరల వస్త్రానికి పూయడం అక్కడివారి సమస్య. స్కాట్లండులోని గ్లాస్గో నగరవాసి చార్లెస్ మాకింటోష్ 1823లో దీనికి మార్గం చూపినాడు. బొగ్గునుంచి దీపపు వాయువును తీసే కర్మాగారాలలో మిగిలే తారునుంచి నాఫ్తా అనే ద్రవం వస్తుంది. అందులో రబ్బరును కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి, ఒత్తి అతికించినాడు. మాకింటోష్ పేరే ఇంగ్లీషులో వానకోటుకు పేరైనది. హాన్‌కాక్ ఈ వ్యాపారంలో భాగస్వామి.

హాన్‌కాక్ గ్రంథం మనకు విలువైనది. అందులో కర్మాగారం కనిపిస్తుంది. వస్తువులు, వాటి చిక్కులు కనిపిస్తవి. ఉదాహరణకు దర్జీల సంగతి. మాకింటోష్ గుడ్డను దర్జీలు మామూలు గుడ్డవలెనే సూదితో కుట్టినారు. సూది గుచ్చిన ప్రతి రంధ్రంలోనుంచీ వాన లోపలికి దిగినది. తప్పు గుడ్డదే అన్నారు కొన్నవారు. చివరకు కర్మాగారం వారే కోట్లు కుట్టించి, కుట్లమీద రబ్బరు పూసి అమ్మవలసి వచ్చినది. ఉన్నిగుడ్డలోని సహజమైన కొవ్వు రబ్బరును చెడగొట్టేది. వేసవిలో కోటు జిగురెక్కి దుర్వాసన వేసేది. చెమట బయటికి పోదని వైద్యులు ఆక్షేపించినారు.

విద్యార్థులు ఈ నాలుగు చిక్కులనూ గుర్తుంచుకోవాలి: సూది, కొవ్వు, వేడి, చెమట. వల్కనీకరణం వీటిలో ఒక్కదానిని మాత్రమే, అంటే వేడికి జిగురెక్కడాన్ని, చాలవరకు తొలగించినది. తక్కిన మూడూ నేటికీ అలాగే ఉన్నవి. పాఠం చెప్పని సగం ఇదే.

ఐతే హాన్‌కాక్ గ్రంథానికీ ఒక మచ్చ ఉన్నది. అమెరికానుంచి వచ్చిన రబ్బరు ముక్కలను తన మిత్రుడు బ్రాకెడన్ తనకు ఇచ్చినాడని, వాటిమీద గంధకపు పొడి కనిపించినదని ఆయనే ఒప్పుకొంటాడు. ఐనా వాటిని పరీక్షించి రహస్యం తెలుసుకోలేదని, తన ప్రయోగాలవల్లనే 1843లో పద్ధతిని సాధించినానని అంటాడు. ఇది పూర్తిగా నమ్మడం కష్టం. ఒక వస్తువు తయారు చేయవచ్చునని తెలియడమే సగం రహస్యం తెలియడం కదా! రోమనుల అగ్నిదేవుడు వల్కన్ పేరుమీద "వల్కనీకరణం" అన్న మాటను కల్పించినది మాత్రం ఆ బ్రాకెడనే.

గుడ్‌ఇయర్ సాక్ష్యం

"పొరపాటున" అనే మాటకు గుడ్‌ఇయర్ గ్రంథమే సమాధానం చెబుతున్నది. తాను రసాయనశాస్త్ర పద్ధతిలో పరిశోధన చేయలేదని ఆయన నిజాయితీగా ఒప్పుకొన్నాడు. కాని దీనిని యాదృచ్ఛికం అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. చెట్టునుంచి పండు రాలడం అందరూ చూస్తారు. సిద్ధపడి ఉన్న మనస్సుకే అది ఏదైనా సూచిస్తుందని ఆయన వాదన.

ఆయన మనస్సు ఎట్లా సిద్ధపడినదో చూడండి. పొయ్యి సంఘటనకు ముందు ఆయన ఏండ్ల తరబడి రబ్బరుతో పెనుగులాడినాడు. ఆమ్లంతో రబ్బరు పైపొర జిగురును పోగొట్టే పద్ధతిని కనుగొని, దానితో ప్రభుత్వానికి తపాలా సంచులు చేసినాడు. పలుచని గుడ్డలమీద ఆ పద్ధతి బాగానే కనిపించినది. మందమైన సంచులలో ఆమ్లం లోపలిదాకా పోలేదు. వేసవి వేడికి పిడులు ఊడి సంచులు పాడైనవి. పైపొర మారితే చాలదు, పదార్థం మొత్తం మారాలని ఈ ఓటమి ఆయనకు నేర్పినది. గంధకం కూడ ఆకాశంనుంచి ఊడిపడలేదు. రబ్బరుకు గంధకం చేర్చి ఎండలో ఉంచే పద్ధతి నథానియల్ హేవర్డ్ అనే మరొకరిది. దాని హక్కును గుడ్‌ఇయర్ కొన్నాడు. పొయ్యివద్ద చూచిన తరువాత కూడ ఎంత వేడి, ఎంతసేపు, ఎంత గంధకం అన్నది తేల్చడానికి ఏండ్లు పట్టినవి. అమెరికాలో ఆయనకు పేటెంటు లభించినది 1844లో.

ఇన్ని సంగతులను "పొరపాటున" అనే ఒక్క మాటలో మూటకట్టి చెప్పితే విద్యార్థి ఏమి నేర్చుకుంటాడు? శాస్త్రం అదృష్టవంతులకు దొరికే లంకెబిందె అనుకుంటాడు. ఓటమినుంచి నేర్చుకోవడం అనే ముఖ్యమైన పాఠం జారిపోతుంది.

గుడ్‌ఇయర్ గ్రంథంలో లోపం వేరొకటి. రబ్బరుతో చేయదగిన వస్తువుల పట్టిక ఆయనకు ఎంతకూ తరగదు. ఆ ఉత్సాహంలో, చేసిన వస్తువు పదేండ్లకు ఏమవుతుందనే ప్రశ్న మరుగున పడినది. మన పాఠ్యగ్రంథాలు ఆయన ఓర్పును వదలివేసి ఈ అత్యుత్సాహాన్ని మాత్రం వారసత్వంగా తీసుకున్నవి.

గంధకం చేసినదేమి, చేయనిదేమి?

రబ్బరు అణువు ఒక పొడవైన గొలుసు. అయిదు కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని పరమాణువులు గల తునకలు వేలకొలదిగా వరుసగా చేరితే ఒక గొలుసు అవుతుంది. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు సేమ్యావలె కలగాపులగంగా పడి ఉంటవి. వేడి తగిలితే ఒకదానిపైనుంచి మరొకటి జారిపోతవి. అదే జిగురు. గంధకం ఈ గొలుసులను అక్కడక్కడ ముడివేస్తుంది. ముడులు పడినందున గొలుసులు సాగినా, వదిలినప్పుడు తిరిగి యథాస్థానానికి వస్తవి. ఇది గంధకం చేసిన మేలు.

ఇప్పుడు అసలు సంగతి. గొలుసులోని ప్రతి తునకలోను ఒక ద్విబంధం ఉన్నది. ద్విబంధం అంటే ఇతర పదార్థాలకు తెరచి ఉంచిన తలుపు వంటిది. సాగుదల గల మెత్తని రబ్బరులో గంధకపు ముడులు చాలా తక్కువ. తలుపులలో అధికభాగం తెరచియే ఉంటవి. అన్నీ మూసివేయవలెనంటే గంధకం చాలా ఎక్కువ కావాలి. అప్పుడు వచ్చేది నల్లని గట్టి ఎబొనైటు, వస్త్రం కాదు. కనుక రబ్బరు వస్త్రం సాగుతున్నదంటే దాని తలుపులు తెరచి ఉన్నవన్నమాటే. ఆ తలుపులగుండా గాలిలోని ఆమ్లజని, ఓజోను ప్రవేశించి గొలుసులను తెంపుతవి. "లోపాలన్నీ తొలగిపోయినవి" అనే వాక్యం ఇందుచేతనే తప్పు.

సూచనల చీటీ మీద విమర్శ

నేడు లేటెక్స్ దుస్తులు ప్రత్యేకంగా తయారవుతున్నవి. ఇవి సాధారణంగా అర మిల్లీమీటరుకు తక్కువ మందం గల పలుచని రేకులతో చేస్తారు. సంరక్షించిన చెట్టుపాలనుంచే రేకు తీస్తారు కనుక, గడ్డ రబ్బరును నలిపి మెత్తబరచినప్పుడు వలె గొలుసులు తెగవు. రేకు పలుచనైనా బలంగా ఉంటుంది. నాటక, చలనచిత్ర వేషాలకు, నీటిలో దిగేవారి దుస్తుల మెడపట్టీలకు, వేడుక దుస్తులకు ఇది వాడుకలో ఉన్నది. ఈ దుస్తులతో వచ్చే చీటీలో ఆజ్ఞలుంటవి, కారణాలుండవు. కారణం తెలియని ఆజ్ఞను మనుష్యుడు మూడవ రోజున మరచిపోతాడు. ఒక్కొక్కదానికి కారణం వెదకుదాము.

"సూదితో కుట్టరాదు." పలుచని రబ్బరులో చిన్న రంధ్రం పడితే, సాగినప్పుడు బలమంతా ఆ రంధ్రపు అంచున కేంద్రీకరిస్తుంది, చిరుగు అక్కడినుంచి పాకుతుంది. అందుచేత అంచులను రబ్బరు ద్రావణంతో అతికిస్తారు. సైకిలు షాపులో పంక్చరు వేసేవాడు ట్యూబును గీకి, "సొల్యూషన్" పూసి, కాస్త ఆరనిచ్చి, పట్టీ అంటించడం మనం చూచినదే. లేటెక్స్ దర్జీ పనికూడ ఇంచుమించు అదే.

"నూనె తగలనీయరాదు." రబ్బరు గొలుసులు కర్బనం, ఉదజనులతో ఏర్పడినవి. కిరసనాయిలు, వాజిలైను కూడ అట్టివే. సజాతి పదార్థం గొలుసుల మధ్యకు సులభంగా దూరి వాటిని ఎడం చేస్తుంది. రేకు ఉబ్బి, బలం తగ్గి, కొద్దిపాటి లాగుడుకే చిరుగుతుంది. కొబ్బరినూనె కూడ హాని చేస్తుంది. తలకు, ఒంటికి నూనె రాసుకొనే అలవాటుగల మనకు ఈ సూచన మిక్కిలి ముఖ్యం. తొడుక్కొనేటప్పుడు జారుడు కావలెనంటే టాల్కం పొడియో, నీటితో చేసిన లేపనమో వాడాలి.

"ఎండలో ఆరవేయరాదు." మన ఇండ్లలో ఎండ తగలని బట్ట శుభ్రపడినట్లు కాదు. రబ్బరు విషయంలో ఈ ఆచారం తలక్రిందులు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గొలుసులపై ఆమ్లజని దాడిని త్వరితం చేస్తవి. గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి సబ్బుతో కడిగి, నీడలో ఆరవేసి, రెండు వైపులా పొడి చల్లి, చీకటిలో దాచాలి. పొడి చల్లకపోతే రేకుకు రేకు అంటుకుపోతుంది. ఇస్త్రీపెట్టె దరికి రానీయరాదు.

"రాగి, ఇత్తడి తగలరాదు." చీటీలో మిక్కిలి వింతగా కనిపించే ఆజ్ఞ ఇది. లేటెక్స్ తయారీలో వల్కనీకరణాన్ని వేగిరపరచే గంధక సమ్మేళనాలను కలుపుతారు. రాగి లవలేశం వాటితో కలిసి గోధుమరంగు మచ్చను ఏర్పరుస్తుంది. ఆ మచ్చ కడిగినా పోదు. అంతేగాక రాగి, ఆమ్లజని దాడికి ప్రేరకంగా కూడ పనిచేస్తుంది. ఇత్తడి గుండీలు, రాగి కడియాలు, నాణేలు తాకిన చేతితో లేత రంగు లేటెక్సును ముట్టుకోరాదనడం ఇందుకే.

"మడత పెట్టి ఉంచరాదు." ఓజోను, సాగదీసిన రబ్బరును సులభంగా పగులగొడుతుంది, సాగనిదానిలో పగుళ్లు కనిపించవు. మడత వెలుపలి అంచు ఎప్పుడూ సాగియే ఉంటుంది కనుక మొదట అక్కడనే చీలుతుంది. వెడల్పాటి చెక్క హాంగరుకు తగిలించి, నిప్పురవ్వలు రాలే విద్యుత్ మోటార్లకు దూరంగా ఉంచాలి. అట్టి మోటార్లవద్ద ఓజోను పుడుతుంది.

ఈ ఆజ్ఞలన్నీ కలిపి చదివితే, చీటీ మొత్తం ఆ తెరచి ఉన్న ద్విబంధపు కథేనని తెలుస్తుంది; సూది, నూనె మాత్రం వేరు. చీటీలో లేని మాట ఒకటి చేర్చాలి: జాగ్రత్త ముసలితనాన్ని ఆలస్యం చేస్తుంది కాని ఆపలేదు.

వస్త్రం లోపలి మనిషి

ఇంతవరకు వస్త్రం సంగతి. ధరించే మనిషి సంగతి చీటీలో ఇంకా తక్కువ. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల ఉష్ణం కావాలి. దానిని శరీరంనుంచి తీసుకుంటుంది కనుకనే మనకు చల్లబడుతుంది. రబ్బరులోపల చెమట పడుతుంది కాని ఆవిరి కాదు. మన వేసవిలో ఇట్టి దుస్తులను ఎక్కువసేపు ధరించడం వడదెబ్బను పిలవడమే. తల తిరిగినట్లున్నా, వికారంగా ఉన్నా వెంటనే తీసివేసి నీరు త్రాగాలి. నాటకానికి రబ్బరు వేషం వేయించే ఉపాధ్యాయులు దీనిని మరువరాదు.

రెండవ ప్రమాదం చర్మానికి. 1889 శీతకాలంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు పాదరసపు మందువల్ల పొక్కినవి. శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఆమెకోసం పలుచని రబ్బరు చేతొడుగులు చేయించినాడు. చర్మాన్ని కాపాడడానికి పుట్టిన ఈ వస్త్రమే, వాడుక బాగా పెరిగిన తరువాత కొందరి చర్మానికి శత్రువైనది. చెట్టుపాలలోని మాంసకృత్తులు రేకులో కొంత మిగిలి ఉంటవి. అవి కొందరికి దద్దురు, తుమ్ములు, ఆయాసం తెప్పిస్తవి. అరుదుగా ప్రాణంమీదికి తెస్తవి. 1991లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులను దీనిగురించి హెచ్చరించినది. సహజ రబ్బరు లేటెక్స్ ఉన్నదని వైద్య సామగ్రి పెట్టెలమీద స్పష్టంగా వ్రాయాలనీ, "అలర్జీ తక్కువ" అనే అర్థం గల మాటను అట్టి వస్తువులపై వాడరాదనీ 1997లో నియమం చేసినది. చేతొడుగులలో చల్లే పిండి ఈ మాంసకృత్తులను గాలిలోకి మోసుకొనిపోతుంది కనుక, 2017 జనవరిలో పిండి చల్లిన వైద్య చేతొడుగులను నిషేధించినది.

ఒక మాటను పెట్టెమీదినుంచి తీసివేయడానికి ఇంత జరగవలసి వచ్చిందంటే, వస్తువును వర్ణించే మాటల బాధ్యత ఎంతటిదో ఆలోచించండి. పాఠ్యగ్రంథానికీ ఆ బాధ్యత ఉన్నది. బెలూను ఊదితే పెదవులు దురదపెట్టే పిల్లవాడు, అరటిపండు పడని పిల్లవాడు తరగతిలో ఉండవచ్చు. కొందరికి ఈ రెండూ కలిసి ఉంటవి. వారికి లేటెక్స్ వస్తువును ప్రయోగంలో ఇవ్వక, నైట్రైలు చేతొడుగులు ఇవ్వాలి.

ఉపాధ్యాయులు చేయదగినది

రబ్బరు పాఠానికి రెండు చిన్న ప్రయోగాలు జోడించవచ్చును. ఒకటి: ఒకే బెలూనునుంచి సమానంగా మూడు పట్టీలు కత్తిరించి, నీటిలో ఒకటి, కొబ్బరినూనెలో ఒకటి, కిరసనాయిలులో ఒకటి వేసి, మరునాడు పొడవులు కొలిపించండి. మూడవది ఉపాధ్యాయుని సమక్షంలో, నిప్పుకు దూరంగా చేయాలి. రెండు: ఒక పలకకు ఒక రబ్బరు బ్యాండును సాగదీసి తగిలించి, మరొకదానిని వదులుగా పక్కన ఉంచి, ఆరుబయట నీడపట్టున కొన్ని వారాలు ఉంచండి. భూతద్దంతో చూపి, పగుళ్లు ఏ దిశలో ఉన్నవో విద్యార్థులచేత బొమ్మ గీయించండి. సాగిన దిశకు అడ్డంగా పడిన పగుళ్లు కనిపిస్తే, ఓజోను అనే పేరు వారికి ఇక మరుపు రాదు.

పాఠంలోని వాక్యాన్ని కూడ ఇలా మార్చుకోవచ్చును: "గుడ్‌ఇయర్ అనేక ఓటముల తరువాత 1839లో గంధకం, వేడి కలిసి రబ్బరు జిగురును పోగొట్టడం గమనించినాడు. దీనివల్ల రబ్బరు సాగుదల నిలిచినది. కాని గాలి, వెలుతురు, నూనె, రాగి దానిని నేటికీ పాడుచేస్తవి. దాని మాంసకృత్తులు కొందరికి పడవు." పాత వాక్యంకంటె ఇది రెండు పంక్తులు ఎక్కువ. ఆ రెండు పంక్తులు తెలిసిన విద్యార్థి రేపు నర్సు అయినా, నటుడైనా, వానకోటు కొనుక్కొన్నా, పెట్టెలోని చీటీని కారణాలతో సహా చదువుకోగలడు.